చెయ్యి చాచే బండి

మొన్న పోలియో చుక్కలు వేయడానికి వచ్చిన నర్సమ్మాయి స్కూటరు మీద మా సందులోకి తిరిగింది. బొటనవేలితో చిన్న మీట నొక్కింది, లైటు మిణుకు మిణుకుమంది, తిరిగింది, అంతే. లోపలికి వచ్చి టీ తాగుతూ, "మీ కాలంలో ఏ బండి మీద తిరిగేవాళ్లు అమ్మమ్మా?" అని అడిగింది. చెప్పడం మొదలుపెడితే ఆ పిల్ల ఇంకో వీధిలో చుక్కలు వేయలేకపోతుందని నోరు మూసుకున్నాను. ఆమెకూ, ఆమెలాంటి మిగతా అమ్మాయిలకూ తీరిక దొరికినప్పుడు చదువుకోవడానికి ఇలా రాస్తున్నాను.

నిజాం పాలన ముగిసిన మరుసటి ఏడు నాకు కోదాడలో ఉద్యోగం వచ్చింది. పని, ఊరూరూ తిరిగి మశూచి టీకాలు వేయడం. మాది కోదాడ పక్కనే, బెజవాడ గాలి తగిలే ఊరు. హుజూర్‌నగర్ అవతలికి పోతే నా మాట విని "ఈ నర్సమ్మ ఆంధ్రామె" అనేవాళ్లు. నాకు తోడుగా ఇచ్చింది ఒక పాత పికప్పు బండిని, దాన్ని తోలే డ్రైవరును.

బండి రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడి వదిలేసినది. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక పైకప్పు లేని తొట్టి. ఎన్నిసార్లు తెల్లరంగు పూసినా కిందనుంచి ఖాకీ తొంగిచూసేది. మిణికే లైట్లు అప్పుడు లేవు. ఎటు తిరగాలన్నా డ్రైవరు కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి చూపించాలి. కొన్ని బండ్లకు మాత్రం రెండు తలుపుల వెనకా సన్నటి అరలుండేవి. వాటిలో జానెడు పొడవు చేతులు ముడుచుకుని ఉండేవి. డ్రైవరు ముందున్న మీటను ఎడమకు తోస్తే ఎడమ చెయ్యి, కుడికి తోస్తే కుడి చెయ్యి టక్కుమని బయటికి చాచుకునేది. లోపల బల్బు వెలిగి, అచ్చం నారింజ తొనలా మెరిసేది. మాది అలాంటి బండి.

డ్రైవరును నేను డ్రైవరన్నా అని పిలిచేదాన్ని. ఆయనది సూర్యాపేట దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. యుద్ధంలో లారీ తోలడానికి వెళ్లి, బర్మా దారిలో లారీ బోల్తా పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. స్టీరింగు తిప్పడానికి ఏ ఇబ్బందీ లేదు. చెయ్యి పక్కకు చాచమంటే మాత్రం చాచలేడు. అన్నం తినేటప్పుడు కూడా నోటినే చేతి దగ్గరికి తెచ్చుకునేవాడు. చేతులున్న బండి కాబట్టి ఆయనకు ఆ ఉద్యోగం దక్కింది. ఆయన చెయ్యలేని పనిని బండి చేసిపెట్టేది.

మేం మొట్టమొదట వెళ్లిన ఊరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మేం చేరేసరికి ఊళ్లో మనుషులే లేరు. పొయ్యిల మీద అంబలి ఉడుకుతోంది, తలుపులు బార్లా తీసి ఉన్నాయి, జనం మాత్రం జొన్న చేలల్లోకి మాయమయ్యారు. వాళ్లను తప్పుపట్టలేం. అంతకు ముందు రెండు మూడేళ్లుగా ఇంజను చప్పుడుతో ఆ ఊళ్లోకి వచ్చినది ఏదీ మంచికి రాలేదు.

"పోలీసోళ్లం గాదు! టీకాలేసే నర్సమ్మ వచ్చింది!" అని డ్రైవరన్న గొంతు చించుకున్నాడు. కుక్క కూడా బయటికి రాలేదు.

"పోదాం పా నర్సమ్మా. గోడలకేస్తమా టీకాలు?" అన్నాడు.

ఆ ఖాళీ వీధిలో బండి తిప్పుతూ, సైన్యంలో అబ్బిన అలవాటు కదా, మీట తోశాడు. ఎడమ చెయ్యి టక్కుమని చాచుకుంది. ఎక్కడో మట్టిగోడ వెనకనుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

"అన్నా, మళ్లీ వెయ్యి," అన్నాను.

ఈసారి కుడిది తెరిచాడు. ఆ తర్వాత ఎడమ, మళ్లీ కుడి. గోడ మీద ఒక తల లేచింది, దాని పక్కన ఇంకొకటి. "అవ్వా! బండి చెయ్యి సూపెడుతాంది!" అని ఒక గొంతు కేక పెట్టింది. చూస్తుండగానే బండి చుట్టూ పిల్లలు ఈగల్లా ముసిరారు. పిల్లల్ని లాక్కుపోవడానికి తల్లులు వచ్చారు, వచ్చినవాళ్లు తామూ చూస్తూ నిలబడిపోయారు.

అప్పుడే డ్రైవరన్న ఆ ధర్మసూత్రం ప్రకటించాడు: "ఎవలు టీకా ఏపిచ్చుకుంటరో, వాళ్లకు ఒక్క తాప మీట!"

ఇక చూడండి. పళ్లున్న చిన్న ఇనుప బిళ్లను చేతికి ఆనించి తిప్పడం అప్పటి టీకా. నొప్పిగానే ఉంటుంది. అయినా ఒక్కరూ ఏడవలేదు. ఏడిస్తే వరస పోతుందని భయం! టీకా అయినవాళ్లు క్యాబిన్‌లోకి ఎక్కి, మీట తోసి, దొరల్లా దిగేవాళ్లు. ఒక ముసలాయన తన వంతు తోసి, "ఇంకో చెయ్యికి గూడ టీకా ఏస్తవా?" అని బేరమాడాడు. ఒక్కో ఊరే అలా మా దారికి వచ్చింది. మా బండికి చెయ్యిబండి అని పేరు పడింది. వాడపల్లి నుంచి హుజూర్‌నగర్ దాకా మేం రాకముందే మా పేరు వెళ్లి చేరేది.

బేకలైటు అనే పెళుసు ప్లాస్టిక్కుతో చేసిన బొటనవేలంత మీట అంతమంది పిల్లలకు ఎన్నాళ్లు తట్టుకుంటుందో మేమిద్దరమూ ఆలోచించలేదు.

పాలకీడులో ఆ ముహూర్తం వచ్చింది. వరసలో ఒక చిన్నపిల్ల, టీకా వేస్తుంటే చేతి వైపే చూడలేదు, కళ్లన్నీ మీట మీదే. ఎక్కి రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ తోసింది. మీట విరిగి, ఊడి దాని పిడికిట్లోకి వచ్చేసింది. పిల్ల మొహం తెల్లబోయింది.

"నేనేం జెయ్యలే. అదే ఊసింది," అంది ఏడుపు గొంతుతో.

డ్రైవరన్న దాన్ని ఎత్తుకుని దించాడు. "నువ్వు జెయ్యలే బిడ్డా. ఊరూరి పోరగాండ్లందరు కలిసి జేసిండ్రు. నీ వంతుకొచ్చి ఊసింది, గంతే."

పిల్ల నవ్వింది. కానీ బండి ఊరు దాటాక ఆయన మొహంలో నవ్వు లేదు. మోటారు ఇన్‌స్పెక్టరు సూర్యాపేటకు వచ్చి బండ్లను పరీక్షించే రోజు దగ్గర పడింది.

"మీట లేకుంటే చెయ్యి సూపియ్యమంటడు నర్సమ్మా. నా చెయ్యి సంగతి నీకెరుకే గద," అన్నాడు.

కోదాడలో పెద్ద డాక్టరు గారికి చెప్పాను. ఆయన మంచివారే కానీ, మెత్తగానే కత్తి దించారు: "బండి ఉంటుందమ్మా. డ్రైవరును మార్చేస్తారు. ఇతనికి దవాఖాన గేటు దగ్గర పని చూద్దాం."

ఆ మాట విని డ్రైవరన్న, "బర్మా దాక తోలినోన్ని, గేటు కాడ కూసోవాల్నా?" అన్నాడు. నాతో కాదు, స్టీరింగుతో అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సూర్యాపేటలో బండ్లు బాగుచేసే మిస్త్రీ దగ్గరికి బయల్దేరాం. కుడికి తిరగాల్సినచోట ఆయన బండి ఆపి, దిగి చూసి తిప్పాడు. ఎడమకు తిరగాల్సిన ప్రతిచోటా నేను కిటికీలోంచి చెయ్యి చాచాను. దారిన పోయేవాళ్లు నేను దండం పెడుతున్నాననుకుని తిరిగి దండాలు పెట్టారు. అంత గౌరవం నాకు మళ్లీ రిటైరయిన రోజు సభలోనే దక్కింది.

మిస్త్రీ సాబ్ నెరిసిన గడ్డంతో, నూనె మరకల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. సైన్యం అమ్మేసిన బండ్లన్నీ చివరికి ఆయన రేకుల షెడ్డుకే చేరేవి. విరిగిన స్విచ్చి విప్పి వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఖతం బేటీ. లోపలి ఇత్తడి రేకు అరిగి కాయితమైంది. ఎందరు నొక్కిండ్రు దీన్ని?"

"హుజూర్‌నగర్ చుట్టుపక్కల పిల్లలందరూ," అన్నాను.

"మాషాల్లా! గిది ముందుగాల్నే తెలిస్తే ఇంగ్లండోడు ఇనుముతోని జేస్తుండె."

అతుకు పెట్టి చూశాడు, నిలవలేదు. కొత్తది సూర్యాపేటలో కాదు కదా, పట్నంలో కూడా దొరకదన్నాడు. డ్రైవరన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు. మిస్త్రీ సాబ్ గడ్డం నిమురుకుంటూ షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఉన్నట్టుండి ఆగాడు.

"మిర్యాలగూడల ఒక రైసుమిల్లు ఎనక పాత కారు పడి ఉన్నది. పోయినేడు నేనే సూసిన. ఇంజను ఎవడో గుంజుకపోయిండు గని, గిసొంటి మీటనే దానికుంది. ఉంటె ఉంటది, లేకుంటె లేదు. నడువున్రి, నేను గూడ వస్త."

ముగ్గురం మిర్యాలగూడ దారి పట్టాం. అప్పటికి సాగర్ కాలువలు లేవు. దారికి రెండు వైపులా జొన్నలు, ఆముదాలు, ఎర్ర దుమ్ము. మిల్లు చేరేసరికి ముగ్గురమూ ఇటుకల్లా ఉన్నాం.

కారు ఉంది. మీటా ఉంది. డ్రైవరు సీట్లో ఒక కోడిపెట్ట కూడా ఉంది.

మిల్లు యజమాని ఎప్పుడో పోయాడు. ఆయన భార్య, పొట్టిగా గట్టిగా ఉన్న ముసలమ్మ, చీపురు పట్టుకుని వచ్చి మా కథంతా విన్నది.

"మీట దీస్కపోండ్రి. కావాల్నంటె చక్రాలు గూడ దీస్కపోండ్రి. కోడిని మాత్రం కదపొద్దు. గుడ్ల మీదున్నది."

"ఎన్ని రోజులుంటుందమ్మా?" అని అడిగాను.

"పిల్లలైతే లేస్తది. దానికి మనం జెప్తమా?"

పరీక్ష రేపు. కోడిని అడిగే వీల్లేదు. మిస్త్రీ సాబ్ నిట్టూర్చి, ఎడమ తలుపులోంచి వెల్లకిలా లోపలికి దూరి, మీట ఉన్న చెక్క కింద తల పెట్టాడు. కోడి ఈకలు విప్పుకుని మొదట ఆయన టోపీని పొడిచింది, తర్వాత గడ్డాన్ని.

"యా అల్లా! ఇది కోడి గాదు, ఠాణేదార్!"

ప్రసవాల గదిలో తెర పట్టడం నాకు అలవాటే. నా సంచీలోంచి దుప్పటి తీసి మిస్త్రీకీ కోడికీ మధ్య తెర కట్టినట్టు పట్టుకున్నాను. డ్రైవరన్న కిటికీ దగ్గర వంగి, గొర్రెల్ని ఊరడించే గొంతుతో దాన్ని బుజ్జగించడం మొదలుపెట్టాడు. "నీ గుడ్లు మాకొద్దు తల్లీ. నీ పిల్లలు సల్లగుండాలె. మాకు గా నల్ల మీట ఒక్కటే కావాలె." కోడికి ఏం అర్థమైందో కానీ, ఈకలు సర్దుకుని కూర్చుంది.

ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "గీ కారు మా ఆయన కొన్నడు. ఊరంత తిప్పిండు. నన్ను మాత్రం ఒక్కనాడు ఎక్కియ్యలే. ఆయన పోయినంక, పోనీ కోడినన్న కూసోబెడుదామని కూసోబెట్టిన," అంది.

స్విచ్చి చేతికి వచ్చింది. మిస్త్రీ సాబ్ గడ్డంలో ఈకతో బయటపడ్డాడు. అక్కడే మిల్లు నీడలో దాన్ని మా బండికి బిగించాడు. బండిలో తీగలన్నీ పాతబడి ఒకే మట్టి రంగులో ఉన్నాయి. ఏది ఎటుదో ఆయన ఊహించి కలిపాడు.

"మొదటి తాప అవ్వ నొక్కుతది," అన్నాడు డ్రైవరన్న.

ముసలమ్మను ముందు సీట్లో ఎక్కించుకుని మిల్లు చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. ఆమె చీర చెంగు భుజం నిండా కప్పుకుని, నిటారుగా కూర్చుని, హమాలీలందరూ చూస్తుండగా మీట తోసింది. చెయ్యి టక్కుమని చాచుకుని వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. హమాలీలు ఈలలు వేశారు. ఆమె దిగి, "గింతేనా? గింతదానికే ఆయన గంత బెట్టు జేసిండా?" అంది, కానీ మొహం చాటంత అయింది.

ఆ సంబరంలో ఏ పక్క తోస్తే ఏ పక్క చెయ్యి వచ్చిందో ఒక్కరమూ చూడలేదు.

ఊరు దాటాక సూర్యాపేట వైపు మళ్లే మలుపు. ఎదురుగా గడ్డి నింపుకున్న ఎడ్లబండి వస్తోంది. డ్రైవరన్న గర్వంగా మీట కుడికి తోశాడు. ఎడమ చెయ్యి చాచుకుంది. మేం ఎడమకు పోతామనుకుని గడ్డిబండి ఆయన నేరుగా వచ్చాడు, మేం కుడికి తిరిగాం. బ్రేకు వేసేసరికి మా బండి ముక్కు గడ్డిలో దూరి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎడ్లు మాత్రం మమ్మల్ని చాలా చిన్నచూపు చూశాయి.

"ఓ డ్రైవరు!" అన్నాడు గడ్డిబండి ఆయన. "నీ బండి ఎటు పోతదో నీకన్న ఎరుకేనా?"

మిస్త్రీ సాబ్ తల పట్టుకున్నాడు. తీగలు తారుమారయ్యాయి. "మల్ల మొత్తం ఇప్పాలె. తీగలు ముట్టుకుంటె పొట్టు రాలుతాంది, తెగితె ఇగ ఖతం. పొద్దుగూకుతాంది." విప్పాలని ఒకరు, షెడ్డుకు పోయి చూద్దామని ఒకరు, గడ్డిబండి ఆయన కూడా దిగి, ఆ చేతుల్నే అటుది ఇటు, ఇటుది అటు మార్చమని సలహా.

"స్విచ్చినే తలకిందులుగా బిగిస్తే పోలా?" అన్నాను నేను. పట్టీ తప్పుగా చుడితే కాలు తిప్పం కదా, పట్టీనే తిప్పుతాం. అంతకంటే పెద్ద ఆలోచనేం కాదు.

మిస్త్రీ సాబ్ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. రెండు మరలు విప్పాడు, తిప్పాడు, బిగించాడు. కుడికి తోస్తే కుడి. ఎడమకు తోస్తే ఎడమ.

"తప్పు నౌకరిల చేరినవు బేటీ," అన్నాడు.

మరుసటి రోజు సూర్యాపేటలో సంత. మోటారు ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా, మాటలు పొదుపుగా వాడేవాడు. క్యాబిన్‌లో ఆయనా డ్రైవరన్నా కూర్చున్నారు. నేనూ మిస్త్రీ సాబూ వెనక తొట్టిలో, క్యాబిన్ అద్దానికి చెవులు ఆనించి నిలబడ్డాం.

"మీట తలకిందులుగా ఉందేమయ్యా?"

"గట్లుంటెనే నిజం జెప్తది సార్."

ఆయన మీసం కదల్లేదు. ఎడమకన్నాడు, కుడికన్నాడు, వెనక్కన్నాడు. అన్నీ బాగా జరిగాయి. మిస్త్రీ సాబ్ నా వైపు చూసి కన్ను గీటాడు. అప్పుడు ఇన్‌స్పెక్టరు, "సరే. ఈ మీట పాడైందనుకో. చెయ్యి పెట్టి చూపించు," అన్నాడు.

బండి ఆగింది.

"లెవ్వది సార్," అన్నాడు డ్రైవరన్న. "యుద్ధంల విరిగింది. తోలుడుకు తక్లీబు లేదు. మీట పాడైతె మలుపు కాడ ఆపుత, దిగి సూసి పోత. గని చెయ్యి లెవ్వది. మీకు అబద్ధం జెప్ప."

మిస్త్రీ సాబ్ పెదవులు ఏదో ప్రార్థన చేస్తున్నాయి.

"సంతలోంచి పోనివ్వు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఈ జానెడు చెయ్యిని జనం చూస్తారో లేదో అక్కడ తేలుతుంది."

సూర్యాపేట సంత అంటే మేకలు, కుండలు, మిరపకాయల రాశులు, ఎడ్లబండ్లు, వాటి మధ్య ఇరుక్కుని బేరమాడే మనుషులు. హారను కొడితే వెనక్కి తిరిగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. డ్రైవరన్న కొట్టాడు. ఎవరూ కదల్లేదు. కుండల వరస దగ్గర కుడికి తిరగాలి. మీట తోశాడు.

నారింజ చెయ్యి చాచుకుంది.

"చెయ్యిబండి!" అని తల్లి చంకలోంచి ఒక పిల్ల అరిచింది. "అవ్వా, చెయ్యిబండి!"

ఆ కేక అంటుకుంది. సంతకు వచ్చినవాళ్లలో సగం మంది మేం తిరిగిన ఊళ్ల వాళ్లే. మేకల వెనకనుంచీ బండ్ల కిందనుంచీ పిల్లలు ఊడిపడ్డారు. "కుడికి పోతదట, జరుగున్రి! ఓ మామా, నీ ఎడ్లను గుంజు! కుడికి!" పిల్లలందరూ కుడిచేతులు చాచి జనాన్ని తోసేస్తున్నారు. కుండలాయన కుండలు వెనక్కి జరిపాడు. పాలకీడు ఆమె ఒకతె రవిక చెయ్యి పైకి జరిపి, ఎండిన టీకా మచ్చను నాకు చూపించి నవ్వింది. పెళ్లి ఊరేగింపుకు కూడా అంత దారి ఇవ్వరు.

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. "ఇంకోసారి తిరుగు," అన్నాడు. ఈసారి ఎడమకు. ఎడమవైపు సంతంతా చీలింది.

మూడోసారి ఆయనే చెయ్యి మీట మీద పెట్టాడు. కిటికీ దగ్గర వేలాడుతున్న ఒక పిల్ల వెంటనే, "నీకు టీకా అయిందా?" అని నిలదీసింది. ఆయన కంగారు పడి, ఇస్త్రీ చొక్కా చెయ్యి మడిచి, చిన్నప్పటి మచ్చ చూపించాడు. పిల్ల పరీక్షగా చూసి, "సరే," అంది. అప్పుడు నొక్కనిచ్చింది. ఆ రోజు సూర్యాపేటలో అసలు ఇన్‌స్పెక్టరు ఎవరో నాకు అనుమానమే.

దిగాక ఆయన డ్రైవరన్నతో అన్నది ఇంతే: "సిగ్నలు చూసి ఇలా దారిచ్చిన జనాన్ని నా సర్వీసులో చూడలేదు. బండి బాగుంది. నువ్వూ బాగున్నావు. మీట మాత్రం ఇక పిల్లల చేతికివ్వకు."

డ్రైవరన్న సెల్యూట్ చేశాడు, ఎడమ చేత్తో. ఇన్‌స్పెక్టరు తప్పుపట్టలేదు.

మిస్త్రీ సాబ్ మా ఇద్దరినీ షెడ్డు పక్క హోటలుకు లాక్కుపోయి మిరపకాయ బజ్జీలూ చాయా పెట్టించాడు. హోటలంతా వినేలా కోడి కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కోడి పెద్దదయింది. చివరిసారి చెప్పేటప్పటికి అది నెమలంత ఉంది.

ఇన్‌స్పెక్టరు మాట మేం తప్పలేదు. ఆ తర్వాత ఊళ్లలో మీట డ్రైవరన్నే తోసేవాడు, టీకా అయిన పిల్ల పక్కన కూర్చుని ఆజ్ఞలిచ్చేది. "ఎడమ! కుడి! మల్ల కుడి!" "సైన్యంల గూడ నాకు గింతమంది ఆఫీసర్లు లేకుండె," అని మురిసిపోయేవాడు. నా ఉద్యోగం ముప్పై ఏళ్లు దాటింది. జీపుల్లో తిరిగాను, కార్లలో తిరిగాను. అంత నవ్వుతూ టీకాలు వేసిన కాలం మళ్లీ రాలేదు.

ఆ పరీక్ష రోజు సాయంత్రం కోదాడకు తిరిగి వస్తున్నాం. సంత జనం వెనకబడిపోయారు. ఎర్రటి ఎండలో దారంతా ఖాళీ. ముందు బండి లేదు, వెనక బండి లేదు, చేలల్లో మనిషి లేడు. దవాఖాన వైపు మళ్లే చోట డ్రైవరన్న మీట తోశాడు. చెయ్యి టక్కుమని చాచుకుంది.

"ఎవరున్నారన్నా, ఎవరికి చూపిస్తున్నావు?" అన్నాను నవ్వుతూ.

"ఎవలు లేకుంటె ఏంది నర్సమ్మా," అన్నాడు స్టీరింగు నెమ్మదిగా తిప్పుతూ. "మనం తిరుగుతున్నం గద."